వడకట్టు బావి పార్శ్వనాథుడు

వడకట్టుగుట్టకు దయచేసే భక్తులు చెప్పులతోపాటు తొందరను కూడా కిందనే విడిచి రావాలి. ఇక్కడ ముందు బావిలో నీరు తోడాలి, గుడ్డతో వడకట్టాలి, గుడ్డకు అంటిన సన్న పురుగులను మళ్లీ అదే బావిలోకి దించాలి. ఆ తరువాతే దర్శనం. ఎంతటి పెద్దమనిషికైనా ఈ పని తప్పదు.

పూర్వం ఈ గుట్ట చుట్టూ జైన కుటుంబాలు నిండుగా ఉండేవి. కోటదొరకు వారి మతం కంటగింపైంది. ఊరు ఖాళీ చేయాలనీ, పార్శ్వనాథస్వామి విగ్రహాన్ని పగలగొట్టాలనీ ఆజ్ఞ వేశాడు. ప్రాణభయంతో అందరూ తలో దిక్కు పట్టారు. ముసలి జక్కమ్మ ఒక్కతే కదలనంది. వెళ్లేవారు స్వామిని బావిలో దాచి, "సైన్యం పోయేదాక బావి దిక్కు పోకు అవ్వా" అని మరీమరీ చెప్పారు. స్వామి దొరికిపోతే తనవారు తిరిగి రావడానికి ఇక చోటంటూ మిగలదని జక్కమ్మకు తెలుసు.

దళపతి రేచన గుట్టంతా గాలించి, నాలుక పిడచకట్టుకుపోయి, ఆమె వాకిట్లో కూలబడి నీళ్లడిగాడు. పగవాడైనా దప్పిక దప్పికే కదా! కుండలో నీరు వడకట్టి ఇచ్చింది. అంతవరకు బాగానే ఉంది. కాని గుడ్డకు పురుగులు అంటుకున్నాయి. తమ బావి నీటిలో తప్ప అవి బతకవని ఆమె నమ్మకం. అటు పోతే స్వామి జాడ బయటపడవచ్చు. అయినా కాళ్లు బావివైపే నడిచాయి.

రేచన అనుమానంతో ఒక్కడే వెంట వెళ్లి తొంగిచూశాడు. నీటి అడుగున రాతి పాము పడగలు, వాటి నీడన స్వామి.

"పట్టుబడ్తవని తెల్వదా అవ్వా? పురుగుల కోసం దేవుణ్ణే పోగొట్టుకుంటవా?"

"ఎరుకే బిడ్డా. ఇవి ఈ బావిల పుట్టినయి. ఇల్లిడిసి పోవుడు ఎట్లుంటదో మావోళ్లను చూస్తి. ఆ గోస ఈటికి నేనెట్ల పెడ్త?"

రేచనకు తాను ఖాళీ చేయించిన ఇళ్లన్నీ కళ్లముందు మెదిలాయి. వాకిట్లో ఉన్న సైనికుల వైపు తిరిగి, "బావిల నీళ్లే ఉన్నయి. నడువుండ్రి!" అని కేకవేశాడు. జక్కమ్మ ఎన్నడూ ఆడని అబద్ధాన్ని ఆమె కోసం అతడే ఆడాడు.

కొన్నేళ్లకే దొర పోయాడు, అతని ఆజ్ఞా పోయింది. చెదిరినవారు పిల్లాపాపలతో తిరిగివచ్చారు. ప్రతి ఇంటి వడకట్టు గుడ్డనూ కలిపి మోకుగా పేని, జయజయధ్వానాల మధ్య స్వామిని పైకి లాగారు. మొదటి పట్టు జక్కమ్మదే. ఆనాడు ఆమె పట్టరాని సంతోషంతో ఏడ్చింది.

నేటికీ ఉత్సవంనాడు భక్తులు తెచ్చిన గుడ్డలతో మోకు పేని స్వామి రథానికి కడతారు. ఊరు విడిచినవారిని స్వామి క్షేమంగా ఇల్లు చేరుస్తాడని నమ్మిక. దొర కోట ఎక్కడుండేదని అడిగితే ఇక్కడివారు తడుముకుంటారు. బావికి దారి అడగండి, పసిపిల్లలు కూడా చేయిపట్టి తీసుకుపోతారు.