గాలి లేని పొద్దున

ప్రకాశమ్మ టీచరు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే మనిషి కాదు. చీరాలలో ఒక ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్లు ఆటలు నేర్పి రిటైరైనా, పొద్దునా సాయంత్రం మైదానంలోనే ఉండేది. ఎవరేం అడిగినా, సున్నపు డబ్బా వంచి పరుగు గీతలు వేసుకుంటూ, సంబంధం లేనట్టు కనిపించే సంగతి ఒకటి ఎత్తుకునేది. వినదలచినవాళ్లు ఆమె వెనకే నడుస్తూ వినాల్సిందే.

ఆ సాయంత్రం అడిగింది తిరుపతమ్మ. రాష్ట్రం పోటీల్లో వంద మీటర్లు గెలిచొచ్చి నాలుగు రోజులైంది. పోయినేడు గెలిచినమ్మాయికి కాలు బెణికిందట, అందుకని ఈ పిల్ల గెలిచిందట. ఆ నాలుగు రోజులూ ఊళ్లో విన్నది ఇదే. అంతకు ముందు జిల్లాలో గెలిచినప్పుడు, పోటీకి వచ్చినవాళ్లే తక్కువన్నారు.

"ఎంత గెలిస్తే వీళ్లు ఒప్పుకుంటారు టీచరు గారూ?"

"జమైకాలో టమోయా అని ఒక పిల్ల ఉండేదే," అంటూ టీచరు డబ్బా వంచింది.

జమైకాలో బడిపిల్లల పరుగు పోటీ అంటే మన దగ్గర తిరునాళ్లంత సందడి. ఊళ్లకి ఊళ్లు గిన్నె మూతలూ గరిటెలూ పట్టుకుని వాయించుకుంటూ స్టేడియానికి తరలిపోతాయి. టమోయాది కొండ మీది ఊరు. తల్లి పెండలం పండించేది. పదిహేనో ఏటికే ఆ కొండబడిలో టమోయాని అందుకోగల ఆడపిల్ల లేదు. మగపిల్లలూ లేరు గాని, ఆ సంగతి వాళ్లు బయట చెప్పుకునేవారు కాదు.

అటువంటి పిల్ల కొండ దిగి పెద్ద పోటీకి వెళ్తే చాలు, ఏమయ్యేదో ఏమో, తేలిపోయేది. ముందు హీట్లని విడివిడిగా వడపోత పరుగులు పెట్టి, అన్ని హీట్లలోనూ మంచి టైము వచ్చిన ఎనిమిదిమందిని ఫైనల్‌కి తీసుకుంటారు. మొదటి ఏడు ఆమె పదకొండోది. రెండో ఏడు తొమ్మిదోది. ఎనిమిదో పిల్లకీ ఆమెకీ సెకనులో నూరో వంతులు రెండే తేడా.

కోచ్ మిస్టర్ ప్రింగిల్ చెడ్డవాడేం కాదు. ఓదార్చే ఉద్దేశంతోనే అన్నాడు: "పదహారు దాటాక ఆడపిల్లలకి నడుము కింద బరువు చేరుతుంది, వేగం తగ్గుతుంది. అది నీ తప్పు కాదమ్మా. కాని వచ్చే ఏడు కూడా ఫైనల్‌కి రాకపోతే నీ హాస్టల్ సీటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు."

సీటు పోతే చదువు పోయినట్టే. చదువు పోతే ఇక పెండలం మడి. జమైకా ద్వీపం జట్టులో చేరి దేశాలు తిరగడమనే మాటే ఉండదు. టమోయా అద్దంలో నడుము చూసుకుని ఆనాటి నుంచి తిండి సగానికి తగ్గించింది.

ఆ స్టేడియంలో ట్రాక్ పక్కన, పరుగు దారికి సరిగ్గా సగంలో, గాలి కొలిచే గొట్టం ఒకటి పెడతారు. దాని దగ్గర ముక్కాలి పీట వేసుకుని మిస్ ఐవీ అనే ముసలామె కూర్చునేది. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ప్రతి పరుగుకీ గాలి ఎంత వీచిందో చూసి పుస్తకంలో ఎక్కించేది. ఆ అంకె ఫలితాల కాగితం మీద టైము పక్కన చీమ తలకాయంత పడేది. దాన్ని చదివినవాడు లేడు.

మూడో ఏడు, పెద్ద పోటీకి ముందు అదే స్టేడియంలో జరిగే ఒక చిన్న పోటీలో మళ్లీ ఓడి, టమోయా ఆ పీట పక్కనే కూలబడింది.

"పిల్లా, నువ్వు కొండబడి పిల్లవి కదూ? నువ్వు పరిగెత్తినప్పుడల్లా నా టోపీ ఎగిరిపోతుందే!" అంది మిస్ ఐవీ.

"క్షమించండి, మిస్ ఐవీ."

"నువ్వు దేనికి? క్షమాపణ చెప్పాల్సింది గాలి," అని ముసలామె పుస్తకం తిప్పి ఆమె ఒళ్లో పెట్టింది. టమోయా పరిగెత్తిన ప్రతిసారీ అంకె ముందు మైనస్ గుర్తు ఉంది. మైనస్ అంటే గాలి ముఖాన కొట్టిందని. పట్నంలోని పెద్ద బడుల పిల్లల పరుగుల పక్కన అయితే సున్నా, లేకపోతే చిన్న ప్లస్సు.

ఎవరూ కుట్ర చెయ్యలేదు. కొండ ఊళ్ల బస్సు పన్నెండు దాటితే గాని పట్నం చేరదు గనక కొండబడుల హీట్లు మధ్యాహ్నం పెట్టారు. సముద్రపు గాలి లేచేదీ మధ్యాహ్నమే. పట్నం పిల్లలు పొద్దున్నే పరిగెత్తేసి నీడన కూర్చుని ఐస్‌క్రీం తినేవారు. ఎవరూ కుట్ర చెయ్యనక్కర లేకుండా పని జరిగిపోతే దాన్ని పద్ధతి అంటారు. వెనకగాలి మరీ ఎక్కువైతే ఆ రికార్డు చెల్లదని పరుగు నిబంధనల్లో ఉంది. ఎదురుగాలికి ఓర్చినవాళ్లకి కలిపి ఇచ్చేదేమీ లేదు. గాలి చేసిన పనిని ఇన్నాళ్లూ తన ఒంటికి అంటగట్టారని టమోయాకి అప్పుడు తెలిసింది. ఆ పూట కడుపునిండా తింది.

ఆ ఏడు హీటూ మధ్యాహ్నమే. అదే గాలి. అయినా ఎనిమిదోదిగా ఫైనల్‌కి వచ్చింది, సీటు నిలబెట్టుకుంది. ఇక మిగిలింది జట్టులో చోటు. అది గెలిచినవాళ్లకే. ఫైనల్ ఎప్పుడూ చివరి రోజు పొద్దున్నే పెట్టేవారు. ఆ రోజు పొద్దుటి నుంచీ వాన పట్టుకుని, పరుగు మూడు గంటలకి జరిగింది. అప్పటికి సముద్రపు గాలి జెండాలు చింపేసేట్టు వీస్తోంది.

తుపాకి పేలింది. జీవితంలో మొదటిసారి గాలి చెంపదెబ్బ తిన్న ఏడుగురూ గడ్డాలు పైకెత్తి, రొమ్ములు నిక్కించి దానికి అడ్డం నిలబడ్డారు. టమోయా మాత్రం కిక్కిరిసిన బస్సులో భుజం పెట్టి దారి చేసుకునేదానిలా వంగి చొచ్చుకుపోయింది. గీత దాటేసరికి రెండో పిల్ల నాలుగు అడుగులు వెనక ఉంది.

అప్పుడు గాలి కనబడింది పెద్దమనుషులకి. కోట్లు వేసుకున్న కమిటీవాళ్లు మిస్ ఐవీ పుస్తకం చుట్టూ మూగారు. "మైనస్ మూడు పాయింట్ నాలుగా! ఇదేం పరుగండీ? ఇంత గాలిలో ఎవరి సత్తా ఏమిటో తేలుతుందా?" మూడేళ్లు ఒక పిల్ల ముఖాన కొట్టిన గాలి గురించి ఆ పుస్తకం తెరవనివాళ్లు ఆ పూట వేలు పెట్టి మరీ చదివారు. మళ్లీ పరిగెత్తించమన్నారు. నిబంధనల్లో లేదన్నాడు రిఫరీ. అయితే ఆ అమ్మాయినే పెద్ద మనసు చేసుకొమ్మందాం అన్నారు. పెద్ద మనసు చేసుకోవలసి వచ్చినప్పుడు వాళ్లకి ఎప్పుడూ అమ్మాయే గుర్తొస్తుంది.

ప్రింగిల్ మొదటిసారి గొంతు పెంచాడు. "ఒప్పుకోకు! పతకం నీది, జట్టులో చోటు నీది. మళ్లీ పరిగెత్తి ఓడితే రెండూ పోతాయి."

"రేపు పొద్దున గాలి ఉండదా సార్?"

"ఉండదు. ఉండదనే కదా వాళ్లు అడిగేది!"

"అయితే పరిగెడతాను."

"పిచ్చి గాని పట్టిందా నీకు?"

"వాళ్ల కోసం కాదు సార్. గాలి లేకుండా నేనెంత పరిగెడతానో నాకే తెలీదు. చూసుకోవాలని ఉంది."

ఆమె కొండబస్సు ఎక్కలేదు. మిస్ ఐవీ ఇంట్లో పడుకుని, పొద్దున ఏడింటికల్లా గీత మీద ఉంది. జెండాలు వాలిపోయి ఉన్నాయి. ఆకు కదలడం లేదు. తుపాకి పేలగానే అలవాటు కొద్దీ భుజం ముందుకి తోసింది. తొయ్యడానికి అక్కడేమీ లేదు. మూడో అడుగులో ముందుకి తూలింది. రాత్రి స్టేడియం బయటే పడుకుని ఉండిపోయిన కొండజనం చేతుల్లో మూతలు ఆగిపోయాయి. నాలుగో అడుగు ఎలాగో నేలకి ఆనింది, ఐదోది సర్దుకుంది. ఆ తర్వాత ఆమెకి అడ్డమన్నది లేదు. ఇన్నేళ్లూ గాలిని నెట్టడానికి ఖర్చయిన బలమంతా ఒక్కసారి కాళ్లలోకి దిగింది. సగం దూరానికే పక్కన ఎవరూ లేరు. చివరికొచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు కూడా వినపడలేదు. ఆ బడుల పోటీల్లో అంతకు ముందెవరూ అంత వేగంగా ఆ దూరం దాటలేదు. మిస్ ఐవీ గాలి గడిలో సున్నా వేసి, దాని చుట్టూ ఇంకో సున్నా చుట్టింది. మూతల మోతకి స్టేడియం దద్దరిల్లింది.

ఆ ఏడే ఆమె ద్వీపం జట్టులో చేరి దేశాలు తిరిగింది. పతకాలు చాలా తెచ్చింది. మాట చెల్లే రోజు వచ్చాక మొదట చేయించిన పని, ఏ బడి హీటు ఏ పూటో చీటీలు తీసి తేల్చడం.

ప్రకాశమ్మ టీచరు గీత చివరికి వచ్చి ఆగింది. వెనకే నడిచొచ్చిన తిరుపతమ్మ ఆత్రం ఆపుకోలేకపోయింది.

"మరి ఆ కోట్లవాళ్లు టీచరు గారూ? రెండో పరుగు చూశాకైనా ఒప్పుకున్నారా?"

"పొద్దున్నే మంచు పడి ట్రాక్ తడిగా ఉందన్నారే," అంది టీచరు.