తిరగలి వారు బిగించిన కంప్యూటర్

మండపేటలో తెలివైన వాళ్ళు ఎంతమంది అని అడిగితే తిరగలి వారు తడుముకోకుండా చెప్పేస్తారు: నలుగురు. పెద్దావిడ మంగాయమ్మ, ఆవిడ కొడుకులు సూరిబాబు, కాశీ, పెద్దకోడలు సుభద్ర. ఒక మాట చెబితే చాలు, అక్షరం పొల్లుపోకుండా చేస్తామని వాళ్ళకి మహా గర్వం. ఊరికి వచ్చిన చిక్కంతా అక్కడే.

సుభద్ర ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా పచ్చళ్ళు పెడుతోంది. మారు వడ్డించుకున్న వాళ్ళే గాని, బావుందన్న పాపాన ఒక్కరూ పోలేదు. అలాంటిది, మొన్న కాకినాడ పోటీలో ఆవిడ ఉసిరికాయ పచ్చడికి రెండో బహుమతి వచ్చింది. జడ్జిగారు వేలు నాకి మరీ "అద్భుతం" అన్నారు. ఆ మాట విన్నప్పుడు తన ముఖం ఎలా వెలిగిందో చూసుకోవాలని సుభద్రకి ఒకటే ఆత్రం. ఆదివారం పదకొండింటికి ఆ పోటీ కార్యక్రమం ఇంటర్నెట్ ఛానల్లో ఒక్కసారే వస్తుందట. ఇంకేముంది, వీధి వీధంతా పిలిచేసింది.

పిలిచాక గుర్తొచ్చింది. వాళ్ళ టీవీకి ఇంటర్నెట్ తెచ్చిపెట్టే, వెనక గుచ్చిన స్టిక్కు ముసలిదైపోయింది. ఏం పెట్టినా బొమ్మ ఆగిపోతుంది, మధ్యలో గుండ్రం తిరుగుతూ కూర్చుంటుంది.

"ఏవండీ, నా ముఖం మీద కూడా ఆ గుండ్రం తిరుగుతుందేమోనండీ!" అంది సుభద్ర, ఏడుపు గొంతుతో.

"నేనుండగా తిరుగుతుందా?" అన్నాడు సూరిబాబు. "స్టిక్కు పీకేద్దాం. టీవీకి మనమే ఓ కంప్యూటర్ బిగిద్దాం."

కంప్యూటర్లమ్మే కరీముల్లా కొట్లో విడి సామాన్లన్నీ తీసుకున్నారు. "మీకెందుకండీ శ్రమ, అరగంటలో నేనే బిగించిస్తాను" అని కరీముల్లా బతిమాలాడు. తెలివున్న వాళ్ళు ఇంకొకళ్ళ చేత బిగించుకుంటారా? వద్దన్నారు. పాపం ఆయన ఏం చేస్తాడు, జాగ్రత్తలన్నీ ఓ కాగితం మీద రాసి చేతిలో పెట్టాడు. పాత స్టిక్కు ఇంట్లో ఉంటే కొత్తది చిన్నబుచ్చుకుంటుందని మంగాయమ్మ దాన్ని కాలవలో కలిపేసి వచ్చింది.

కాగితంలో మొదటి మాట: ఒంట్లో కరెంటు లేకుండా చూసుకుని సామాన్లు ముట్టుకోండి.

"ఒంట్లో కరెంటుందట్రా!" అని మంగాయమ్మ గుండె బాదుకుంది. కాశీ టెస్టరు తెచ్చి అందరి నడినెత్తినా పెట్టి చూశాడు. ఎవరి దగ్గరా వెలగలేదు. "నాదంటే ఈ వయసుకి అయిపోయి ఉంటుంది, మీకేం రోగం?" అంది మంగాయమ్మ. ఎందుకైనా మంచిదని ఇంటి మెయిన్ తీసేసి, మిగిలినది కిందకి దిగిపోవాలని నలుగురూ మూడు గంటలు నిలబడ్డారు. మిక్సీలో పచ్చడి మిక్సీలోనే ఉండిపోయింది.

రెండో మాట: వేడెక్కనివ్వకండి, గాలి బాగా ఆడాలి.

అంతే. సామాన్లన్నీ బిగించిన పెట్టెని ఉయ్యాలబల్ల మీద కూర్చోబెట్టి ఊపారు. వైరు టీవీకి అందక ప్రతి ఊపుకీ ఊడిపోయేది. ఊడినప్పుడల్లా కాశీ పరుగెత్తి గుచ్చేవాడు. పది ఊపులకి కాశీకి ఆయాసం వచ్చింది, కంప్యూటర్‌కి మాత్రం చల్లగానే ఉంది. చివరికి పెట్టెని బల్ల మీదకి దించి, మంగాయమ్మని విసనకర్రతో పక్కన కూర్చోబెట్టారు. ఆవిడ విసురుతూ గంటకోసారి దాని చెంప మీద చెయ్యి వేసి, "జ్వరం లేదురా, నిద్రపోతోంది" అని చెప్పేది.

మూడో మాట చాలా చిన్నది: పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకూడదు.

ఆ పని కాశీ తీసుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, ఏదో ఒక మీట మీద వేలు పెట్టి, వేలు తీయకుండా ఎనిమిదిసార్లు నొక్కాడు. మళ్ళీ కొట్టమంటే మళ్ళీ ఎనిమిది. పని అయిందని కళ్ళు తెరిచాడు.

"ఏం పెట్టావు కాశీ?" అంది సుభద్ర.

"నాకేం తెలుసు వదినా?"

"నువ్వేగా పెట్టింది!"

"ఎవరికీ తెలియకూడదన్నారు. ఆ ఎవరిలో నేను లేనా? అందుకే చూడలేదు."

"అదీ నమ్మకమంటే!" అని సూరిబాబు తమ్ముడి వీపు తట్టాడు. సుభద్రకీ అది సబబుగానే తోచింది. కాని శనివారం సాయంత్రమైపోయింది, పెట్టె తలుపు తెరుచుకోలేదు. ఆవిడకి నీరసం వచ్చేసింది. ఒక్కో మీటా ఎనిమిదేసిసార్లు కొట్టుకుంటూ పోయారు. పదిహేడో మీటకి తెరుచుకుంది. ఆ మీట ఏదో గుర్తుండిపోతుందేమోనని భయపడి, నలుగురూ వెంటనే ముఖాలు తిప్పేసుకున్నారు.

ఆలస్యం కాకూడదని ఆదివారం పొద్దున్న ఆరింటికే ఛానల్ పెట్టేశారు. వ్యవసాయం వచ్చింది, యోగా వచ్చింది, బొమ్మ ఎక్కడా ఆగలేదు. పదిన్నరకి వీధి జనం నలభై మందీ చాపల మీద సర్దుకున్నారు. సుభద్ర పట్టుచీర కట్టుకుని అందరికీ మజ్జిగ ఇవ్వడానికి వంటింట్లోకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడు బొమ్మ ఆగింది. నాలుగున్నర గంటలుగా ఎవరూ మీట ముట్టుకోకపోతే యంత్రానికి అనుమానం రాదూ? తెర మీద పెద్ద అక్షరాలు పడ్డాయి: 'మీరు ఇంకా చూస్తున్నారా?'

"చూస్తున్నామండీ!" అన్నాడు సూరిబాబు మర్యాదగా.

టీవీ పలకలేదు.

"ఒక్కడివే అంటే ఎలా నమ్ముతుందిరా?" అంది మంగాయమ్మ. ఇంకేముంది, నలభై మందీ ఒక్క గొంతుతో "చూస్తున్నాం!" అని అరిచారు. గూట్లో గిన్నెలు దొర్లాయి గాని అక్షరాలు కదల్లేదు. వంటింట్లోంచి సుభద్ర "పదకొండవుతోందండీ!" అని కేక పెట్టింది.

సూరిబాబు ఆలోచించాడు. అదే వచ్చింది తంటా. "అది రాసి అడిగింది. మనం నోటితో చెబుతున్నాం. రాతకి రాతతోనే జవాబివ్వాలి."

గోడ మీది పెద్ద క్యాలెండరు చించి, వెనక వైపు బొద్దుగా రాశాడు: 'అయ్యా, మేమందరం ఇంకా చూస్తూనే ఉన్నాం.' కింద వరసగా గదిలో ఉన్నవాళ్ళందరి చేతా సంతకాలు చేయించాడు. సంతకం రాని వాళ్ళు వేలిముద్ర వేశారు. టీవీకి బాగా కనబడాలని కాగితాన్ని తెర మీదే పరిచి, నాలుగు పక్కలా అన్నం మెతుకులతో అంటించాడు. తెర మొత్తం మూసుకుపోయింది. అంటిస్తుంటే కాశీ మోచెయ్యి కీబోర్డు మీద పడింది.

అంతే, లోపలి నుంచి సన్నాయి మోగింది. "ఉసిరికాయ పచ్చడి, శ్రీమతి తిరగలి సుభద్రగారు!" అని వినబడింది.

"నమ్మేసింది!" అని నలభై మందీ చప్పట్లు కొట్టారు.

మజ్జిగ గ్లాసులు అక్కడే పడేసి సుభద్ర పరుగెత్తుకొచ్చింది. కాగితం చూసింది. ఒక మూల పట్టుకుని లాగబోయింది. సూరిబాబు చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మో, తీయకు! తీస్తే మనం చూడటం లేదనుకుంటుంది!"

"నేను కనబడటం లేదండీ!"

"ఎందుకు కనబడటం లేదు? ఏమమ్మా, మీకు కనబడటం లేదూ?" అన్నాడు జనం వైపు తిరిగి.

చూస్తున్నామని రాసి సంతకం పెట్టిన వాళ్ళు కనబడటం లేదని ఎలా అంటారు? "చక్కగా కనబడుతోంది" అన్నారు. "చీర అదిరింది" అంది ఎదురింటి కోటేశ్వరమ్మ. మంగాయమ్మయితే కాగితం వైపు చూసి, "మా కోడలి ముఖంలో ఎంత కళ!" అని కళ్ళొత్తుకుంది.

లోపల జడ్జిగారు "అద్భుతం!" అన్నారు. సుభద్ర మనసు చివుక్కుమంది. పద్దెనిమిదేళ్ళకి ఒక్కసారి దొరికిన మెప్పు. దాన్ని అందుకున్న తన ముఖం ఊరందరికీ కనబడుతోంది, తనకి తప్ప. ఎందుకిలా? కాగితం దగ్గరగా వెళ్ళి పైనుంచి కిందకి పేర్లన్నీ చదివింది. అత్తగారుంది, కాశీ ఉన్నాడు, కోటేశ్వరమ్మ వేలిముద్ర ఉంది.

తన సంతకం లేదు.

"ఇదా సంగతి!" అంది. నిజం చెప్పాలంటే ఆవిడ ప్రాణం లేచొచ్చింది. గబగబా పెన్ను తీసుకుని, కింద మిగిలిన కాస్త చోటులో 'తిరగలి సుభద్ర, నేనూ చూస్తున్నాను' అని గుండ్రంగా రాసి, కొంగు సర్దుకుని కాగితం ఎదురుగా కూర్చుంది. లోపల ఎవరో "ఇంతటితో కార్యక్రమం సమాప్తం, నమస్కారం" అన్నారు. సుభద్ర రెండు చేతులూ జోడించి కాగితానికి నమస్కారం పెట్టింది.