కొబ్బరితాడు చుట్టిన కొయ్య

అనగనగా ఏరు సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి. ఆ అడవిలో ఒక చిన్న లంక. ఆ లంకలో నీటికుక్కలు, బావురుపిల్లులు, తాబేళ్లు కలిసి బతికేవి. చుట్టూ నీళ్లే. కానీ ఎండాకాలం వస్తే ఆ నీళ్లన్నీ ఉప్పెక్కిపోయేవి.

తాగే నీళ్లు కావాలంటే ఏటికి ఎదురుగా పైకి వెళ్లాలి. దానికి తెరచాప పడవ ఉండాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి వీస్తుంది. తెరచాప ఎత్తితే ఆ గాలే ఖాళీ కుండలతో పడవను పైకి తీసుకుపోతుంది. కుండలు నిండాక ప్రవాహమే కిందికి తెస్తుంది. తెడ్లు వేసుకుంటూ కూడా వెళ్లొచ్చు. కానీ రోజంతా పడుతుంది. తెడ్లు వేసేవాళ్లు కూర్చున్నాక సగం కుండలకే చోటుంటుంది.

ఆ ఏడు లంకవాళ్ల పాత పడవ పుచ్చిపోయింది. అందరూ కలిసి మూడు గంపల ఎండుచేపలు పోగుచేశారు. అవి ఇచ్చి పడవ తెమ్మని మంకెన అనే నీటికుక్కను పైరేవుకి పంపారు.

పైరేవులో జంగన్న అనే ఉడుము ఉండేవాడు. అతనికి రెండు పడవలు. ఒకటి అమ్ముతానన్నాడు.

"చూడు కోడలు పిల్లా," అన్నాడు. "తెరచాప కట్టే కొయ్య ఒకే చెట్టుది. తెరచాప కొత్త గుడ్డ. కొయ్య చివర ఇత్తడి కప్పీ. తాడు లాగితే చాలు, చాప జర్రున పైకి పోద్ది."

కొయ్య పడవలో పడుకోబెట్టి ఉంది. నడిమి నుంచి చివరి దాకా దానికి కొబ్బరితాడు చుట్టి ఉంది. తెరచాప మడతపెట్టి మూట కట్టి ఉంది.

"ఈ తాడెందుకు మావయ్యా?" అని మంకెన అడిగింది.

"ఎండకి కొయ్య నెర్రెలిస్తుందని. ఇంటికెళ్లి తీరిగ్గా విప్పుకో."

ఆ ఏటి మీద ఒక ఆచారం ఉంది. పడవ చేతులు మారితే, అమ్మినవాడు కొన్నవాడితో కలిసి తెరచాప ఎత్తి ఒకసారి ఏరు దాటాలి. దాన్ని తోడుదాటు అంటారు. మంకెన ఆ మాట ఎత్తింది.

జంగన్న నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. "మూడు రోజుల్నుంచి పట్టేసిందమ్మా. అయినా మీ నాన్నా నేనూ ఒక గట్టు మీద ఎండ కాగినవాళ్లం. నా మాట చాలదా?"

మంకెనకి చాలదనే అనిపించింది. కానీ పెద్దవాడు కదా అని ఊరుకుంది. పిల్లలూ, లోకంలో సగం అన్యాయం ఇలాగే సాగుతుంది. అడగాల్సినవాళ్లు మొహమాటపడతారు. చెప్పాల్సినవాళ్లు నడుం పట్టుకుంటారు.

పడవ ప్రవాహంలో హాయిగా కిందికి వచ్చేసింది. లంకలో అందరూ ఒడ్డుకు చేరారు. మర్నాడు మధ్యాహ్నం గాలి లేచింది. పేరమ్మ అనే ముసలి తాబేలు ముక్కుతో కొబ్బరితాడు విప్పడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, రెండు చుట్లు, పది చుట్లు. తాడు కింద అతుకు కనిపించింది. అది ఒకే చెట్టు కొయ్య కాదు. రెండు ముక్కలు ఏటవాలుగా కోసి మేకులు కొట్టారు. మేకులు తుప్పుపట్టాయి.

తెరచాప మూట విప్పారు. పైమడత ఒక్కటే కొత్త గుడ్డ. మిగతాదంతా గోనెపట్టా.

కొయ్య చివర చూశారు. కప్పీ లేదు. కాల్చి పెట్టిన చిల్లు ఒకటి ఉంది.

లంకలో మంచినీళ్లు మూడు కుండలే మిగిలాయి. తాబేలు పిల్లలు అప్పటికే ఖాళీ కుండల అడుగులు నాకుతున్నాయి.

బూచన్న అనే బావురుపిల్లి మంకెనను పక్కకు పిలిచాడు. "తాడు మళ్లీ చుట్టేద్దాం. తూర్పులంక వాళ్లకి కూడా పడవ కావాలట. కొనేటప్పుడు మనం విప్పి చూశామా? వాళ్లూ చూడరు."

మంకెన తాడు చేతిలోకి తీసుకుంది. మూడు గంపల చేపలు అందరి కష్టం. తప్పు మాత్రం తనొక్కదానిది. ఈ తాడు చుట్టేస్తే ఆ తప్పు ఎవరికీ కనిపించదు.

"తూర్పులంకలో కూడా దాహమే కదా బూచన్నా," అంది చివరికి. "మన దాహం తీరడానికి వాళ్ల దాహం అమ్ముకుంటామా?"

"మరి మన సంగతేంటి?"

"నేను గట్టిగా అడక్కుండా వదిలేసిన మాట ఒకటుంది. వెళ్లి అడుగుతాను. ఈసారి నలుగురిలో అడుగుతాను."

ఆ మాటకి పేరమ్మ, "తాడు చుట్టకుండానే తీసుకెళ్లు," అంది.

నాలుగు నీటికుక్కలు ఖాళీ కుండలు వేసుకుని ఆ సాయంత్రమే బయల్దేరి, మర్నాడు మధ్యాహ్నం దాకా తెడ్లు వేశాయి. పైరేవు చేరేసరికి సంత నిండుగా ఉంది. జంగన్న గట్టు మీద కూర్చుని ఎండుచేప నములుతున్నాడు. మంకెన అరవలేదు, తిట్టలేదు. అతుకు అందరికీ కనబడేలా కొయ్యను పడవలో నిలబెట్టింది. తర్వాత అతని ముందుకు వచ్చి నిలబడింది.

"మావయ్యా, మన తోడుదాటు మిగిలిపోయింది. రా, ఎక్కు."

"నడుం..." అన్నాడు జంగన్న.

"పొద్దున ఈ గట్టు మీంచి దూకి పీతను పట్టావుగా," అంది కొమ్మ మీది నీటికాకి. "అప్పుడు రాని నొప్పి ఇప్పుడొచ్చిందా?" సంతంతా నవ్వింది.

జంగన్న కొయ్య వంక చూశాడు. గాలి వంక చూశాడు. "ఈ గాలికి అది విరుగుద్ది," అన్నాడు మెల్లగా. "నా నెత్తిన పడుద్దే."

"మా నెత్తిన పడితే ఫరవాలేదా మావయ్యా?"

నవ్వులు ఆగిపోయాయి. జంగన్న చేతిలోని చేప కింద పెట్టాడు.

"నాకూ ఇలాగే తాడు చుట్టే అమ్మారు," అన్నాడు. "ఇంటికెళ్లి విప్పి చూసుకున్నాను. అడగడానికి సిగ్గేసింది. మళ్లీ చుట్టి పెట్టాను. నీకు అమ్మాను."

లేచి తన రెండో పడవ దగ్గరికి వెళ్లాడు. దాని కొయ్య ఊడదీశాడు. తెరచాప తీశాడు. ఇత్తడి కప్పీ తీశాడు. మూడూ తన చేత్తోనే మంకెన పడవకి బిగించాడు. అతని పడవ బోడిగా మిగిలింది.

"ఇప్పుడు పద," అన్నాడు. ముందు తనే ఎక్కాడు.

ఇద్దరూ తెరచాప ఎత్తి ఏరు దాటారు. కొయ్య కిర్రుమనలేదు. సాయంత్రానికల్లా నిండు కుండలతో పడవ లంకకి దిగింది. తాబేలు పిల్లలు ముందు తాగాయి. అందరూ తాగాక, చివరి దోసిలి మంకెన తాగింది.

విప్పిన కొబ్బరితాడును లంకవాళ్లు పారెయ్యలేదు, కుండల మెడలకి కట్టుకున్నారు. ఆనాటి నుంచి ఆ ఏటి మీద ఏ పడవ అమ్మినా, కొయ్యకి తాడు చుట్టకుండా నిలబెట్టి చూపించాకే బేరం.

నీతి: మనకి జరిగిన మోసాన్ని దాచి ఇంకొకరికి అంటగడితే మనమూ మోసగాళ్లమే, నలుగురిలో విప్పి చూపిస్తే అది మనతోనే ఆగిపోతుంది.