గడపగౌరికి అడ్డుపెట్టిన పీట

పూర్వము గౌతమీ తీరమున వత్సలుడను ముని ధర్మశీల మహర్షికి మ్రొక్కి, తాతయు నాయనమ్మయు మనుమలపై ప్రాణము పెట్టుదురు గదా, తొలిసారి పండుగకు వచ్చిన పసిబిడ్డ వారిని చూచి గుక్కపట్టి యేడ్చుటకు కారణమేమని, దానికి తగిన వ్రతమేదైన గలదాయని యడిగెను. మహర్షి నవ్వి యిట్లు చెప్పదొడంగెను.

చంద్రికాపురమున సోమిదేవమ్మ యను ఇల్లాలు కలదు. ఆమె కోడలు మంజుల పుట్టింట ఆడుబిడ్డను కనెను. హైమ యను ఆ బిడ్డ బోర్లపడగా అమ్మమ్మ బొబ్బట్లు పంచెను, కూర్చుండగా కుడుములు పంచెను. ఆ వార్త వచ్చినప్పుడెల్ల సోమిదేవమ్మ పైకి నవ్వి, లోలోపల కుతకుతలాడెను. తొలిసారి గడప దాటుటయైనను తన కన్నుల యెదుట జరిగినచో గారెలు వండి పంచెదనని గడపగౌరికి మ్రొక్కుకొనెను.

తొలి దసరాకు కొడుకు, కోడలు బిడ్డను దీసికొని వచ్చిరి. హైమ యిల్లంతయు పాకి, వీధిగడపపై చేయి వేసెను. పేరంటాండ్రు ఇంకను రాలేదని సోమిదేవమ్మ బిడ్డను వెనుకకు లాగెను. లాగినంతనే పొయ్యిమీది పాలు విరిగిపోయెను. మరునాడు బిడ్డ మరల గడప చేరగా, రాహుకాలమని మరల లాగెను. ఆ పూట పాడియావు పాలు చేపలేదు. అయినను ఆ యిల్లాలికి తెలివి రాలేదు. ఆ మరునాడు గారెలు వండి, ఊరిలోని ముత్తైదువల నెల్ల పిలిచి, అందరును చేరువరకు బిడ్డ దాటకుండ గడప కడ్డముగా పీట నిలబెట్టెను.

బిడ్డ ఆ పీటను తట్టి తట్టి చూచి, కెవ్వున కేకవేసి, అంతలోనే మౌనమై కొయ్యబారిపోయెను. పాకదు, నవ్వదు. నాయనమ్మ చేయి చాచగా తల్లి భుజమున మొగము దాచుకొనెను. వండిన గారెలు రాళ్లవలె బిగిసిపోయెను. వచ్చిన పేరంటాండ్రు వెనుదిరిగిరి. కొడుకు బండి కట్టుమనెను.

అప్పుడొక ముసలి ముత్తైదువ వీధిలో నిలిచి, "గడపకి పీట అడ్డం పెట్టుకున్నారు, నేనెలా వచ్చేదమ్మా?" అనెను.

"మా పిల్ల దాటకుండా పెట్టానమ్మా," అని సోమిదేవమ్మ యేడ్చెను.

"మొక్కింది నాకు, చూపించాలనుకుంది ఊరికా? పిల్లకి బుద్ధి పుట్టినప్పుడు లాగేసి, నీకు కావాల్సినప్పుడు దాటమంటే ఎలాగే తల్లీ?"

పీట తీసివేసి గడపకు పసుపు రాసి, వెలుపల కూర్చుండవలెననియు, బిడ్డను పిలువరాదు, లాగరాదు, తానై వచ్చువరకు ఎత్తుకొనరాదనియు చెప్పి, ఆ ముత్తైదువ అందరును చూచుచుండగనే మాయమయ్యెను. ఆమె నిలిచిన చోట పసుపు పాదముల తడి మాత్రము మిగిలెను. వచ్చినది గడపగౌరియేయని యింటిల్లిపాదియు చేతులెత్తి మ్రొక్కిరి.

సోమిదేవమ్మ చెప్పినట్లే చేసి కూర్చుండెను. ప్రొద్దెక్కెను. బిడ్డ తల్లి ఒడిలోనుండి కదలలేదు. ఇక నా దగ్గరకు రాదేమోయని ఆమెకు కన్నీరు ఆగలేదు. తుదకు హైమ పాకి వచ్చి, గడపపై చేయి వేసి, ఒక కాలు దాటించి, అరుగుపై బోర్ల పడెను. అందరును అయ్యోయని లేచిరి. సోమిదేవమ్మ కొంగు నోట కుక్కుకొని కదలలేదు. బిడ్డ తలయెత్తి, పసుపంటిన ముక్కుతో కిలకిల నవ్వి, పాకి వచ్చి నాయనమ్మ చీర పట్టుకొనెను. గారెలు మెత్తనయ్యెను, ఆవు చేపెను.

కొన్ని నెలలకు హైమ తొలి యడుగు అమ్మమ్మ యింటనే వేసెను. ఆ వార్త సోమిదేవమ్మకు చేరెను. ఆమె పిండి కొట్టించి, అరిసెలు వండి, "మా హైమ నడిచిందట!" అని యింటింటికి తిరిగి పంచెను.

కావున మనుమలను పండుగలకు మాత్రమే చూచువారు, వియ్యపురాలిపై అసూయపడువారు, బిడ్డ ముక్కు ఎవరి పోలికయని తగవులాడువారు ఈ గడపగౌరి వ్రతము తప్పక చేయవలెను. తొలి గారె బిడ్డతల్లికి పెట్టవలెను. చేసినవారి యింట పాడి తరుగదు, పసిబిడ్డ వారిని చూచి బెదరదు. కన్నులార చూడలేకపోయిన వారు, విన్ననాడే వండి పంచినచో, చూచిన ఫలమే కలుగును.