మురుగు కాలువ మీద గిజిగాళ్ల పేట

అనగనగా ఒక అడవి ఉండేది. ఉండేది అని ఎందుకన్నానంటే, ఇప్పుడు లేదు. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి దాని నడుమ నుంచి రోడ్డు వచ్చింది. రోడ్డు పక్కన మేడలు లేచాయి. అన్నిటికంటే ఎత్తైన మేడకు 'పచ్చని అడవి అపార్ట్‌మెంట్స్' అని పేరు పెట్టారు. ఉన్న అడవిని కొట్టేసి, దాని పేరు తెచ్చి మేడకు తగిలించారన్నమాట. ఆ బోర్డు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సరే, కథలోకి వద్దాం.

ఆ అడవిలో ఒక నీటికుంట, దాని మీదికి వంగిన ఒక ఈతచెట్టు. ఆ చెట్టు మట్టలకు నలభై గిజిగాళ్ల గూళ్లు వేలాడుతుండేవి. గిజిగాడంటే తెలుసుగా? పచ్చి ఆకును పోగులుగా చీల్చి, ముక్కుతోనే గూడు అల్లే పిట్ట. గూటికి గుమ్మం కింద వైపు ఉంటుంది, పొడుగాటి గొట్టంలా.

గిజిగాళ్లలో ఒక పద్ధతి ఉంది. గూడు మగపిట్ట అల్లుతుంది. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. ఒక పోగును ముక్కుతో పట్టుకుని, ఒంట్లో బలమంతా పెట్టి మూడుసార్లు గుంజుతుంది. పోగు ఊడిందా, ఆ గూట్లో కాపురం లేదు. మగపిట్ట నోరెత్తకుండా మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఒక తొలకరి నాటి ఉదయం పెద్ద మిషను వచ్చింది. మధ్యాహ్నానికి ఈతచెట్టు లేదు, కుంటా లేదు. నలభై గూళ్ల పిట్టలూ కరెంటు తీగ మీద వరసగా కూర్చుని, మట్టి పోసిన కుంట వైపు చూస్తూ ఉండిపోయాయి.

ఆ వరసలో ఈనమ్మ, ఆమె మగడు పోగయ్య ఉన్నారు. ఇంకో నాలుగు రోజుల్లో ఈనమ్మ గుడ్లు పెట్టాలి.

అప్పుడు ఒక కాకి వచ్చి తీగ మీద వాలింది.

"ఎందుకమ్మా అలా దిగాలుగా కూర్చున్నారు? ఆ మేడల బాల్కనీల్లో మనుషులు పిట్టల కోసం చెక్క పెట్టెలు పెట్టారు. గట్టి కప్పు. గాలి బాగా ఆడేలా పెద్ద గుమ్మం. అల్లే పనే లేదు, నేరుగా వెళ్లి కాపురం పెట్టడమే" అంది.

"అన్నీ ఒకే చోట ఉన్నాయా మామా?" అని అడిగింది ఈనమ్మ.

"ఒకే చోట ఎందుకు? ఒకటి మూడో అంతస్తులో, ఒకటి పదో అంతస్తులో, ఒకటి వెనకవైపు. ఎవరిల్లు వాళ్లది. ఆ గోల, ఆ కిచకిచలు ఉండవు. హాయిగా ఉంటుంది."

కాకికి గుడ్లంటే ప్రాణం. ఆ సంగతి గిజిగాళ్లందరికీ తెలుసు. కానీ గూడు పోయిన రోజున తెలిసిన సంగతులు కూడా గుర్తుకు రావు. నలభై గూళ్ల పిట్టలూ నలభై వైపులకు వెళ్లిపోయాయి.

ఈనమ్మకు పదకొండో అంతస్తులో పెట్టె దొరికింది. తయారుగా ఉన్న ఇల్లు కదా, గుంజి చూడటానికి అందులో పోగులేం లేవు. అందుకని ఈనమ్మ ఏమీ పరీక్షించలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె పరీక్షించకుండా కాలుపెట్టిన ఇల్లు అదొక్కటే. నాలుగో రోజున మూడు తెల్లటి గుడ్లు పెట్టింది.

పక్క పెట్టెలో ఎవరున్నారో ఆమెకు తెలియదు. కింద ఎవరున్నారో తెలియదు. నవ్వకండి, మీ పై అంతస్తులో ఎవరుంటున్నారో మీరు చెప్పగలరా?

ఒక పొద్దున పోగయ్య పురుగులు వెతుక్కుంటూ దూరం వెళ్లాడు. అడవి పోయాక అన్నీ దూరమే. ఈనమ్మ దాహమేసి నీళ్లు తాగడానికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి కాకి తల పెట్టెలో ఉంది. గుమ్మం పెద్దది కదా. ఈనమ్మ అరిచింది. గొంతు పోయేలా అరిచింది. ఆ అరుపు విని ఒక్క రెక్క కూడా లేవలేదు. కాకి తాపీగా మూడు గుడ్లూ తిని, ముక్కు బాల్కనీ కడ్డీకి తుడుచుకుని వెళ్లిపోయింది.

ఈనమ్మ ఆ రోజంతా ఏడ్చింది. మర్నాడు ఏడవలేదు.

"పద, గూడు అల్లుదువుగాని" అంది పోగయ్యతో.

"ఎక్కడే? చెట్లెక్కడున్నాయి?"

"మేడల వెనక మురుగు కాలువ మీద ఒక తుమ్మచెట్టు ఉంది. వాసనకు భయపడి దాన్ని కొట్టడానికి కూడా ఎవరూ రాలేదు. అక్కడ అల్లు."

పోగయ్య అల్లాడు. ఈనమ్మ మూడుసార్లు గుంజింది. పోగు ఊడింది. మళ్లీ అల్లాడు, మళ్లీ ఊడింది. మూడోసారి ఊడలేదు. పోగయ్య మురిసిపోయి, "ఇక లోపలికి వెళ్లు" అన్నాడు.

"వెళ్లను. ఇది గూడే, ఇంకా ఇల్లు కాలేదు. కాకి తీరిగ్గా కూర్చుంటే దీన్నీ పోగుపోగునా పీకేస్తుంది. మనవాళ్లందరినీ తీసుకొస్తాను" అని ఈనమ్మ ఎగిరింది.

మొదట పీచయ్య తాత దగ్గరకు వెళ్లింది. ఆయన భార్య కిందటేడే పోయింది. పెట్టె అంచున ఒంటరిగా కూర్చుని ఉన్నాడు.

"తాతా, తుమ్మచెట్టుకు వస్తావా? వాసన మాత్రం భరించాలి" అంది.

"మాట్లాడే దిక్కు లేక పదహారు రోజులైందమ్మా. వాసన ఒక లెక్కా?" అని తాత అప్పటికప్పుడే బయల్దేరాడు.

తర్వాత గరికమ్మ దగ్గరకు వెళ్లింది. గరికమ్మ బాల్కనీలో పూలకుండీలున్నాయి, నీళ్ల గిన్నె కూడా ఉంది.

"ఇంత వైభోగం వదులుకుని మురుగు కాలువ మీదికి రమ్మంటావా వదినా? నలుగురూ నవ్వరూ?" అంది గరికమ్మ.

"నవ్వడానికైనా నలుగురు ఉండాలిగా వదినా."

గరికమ్మ ముఖం తిప్పేసుకుంది.

మూడో పెట్టె, నాలుగో పెట్టె, అలా ముప్ఫై తొమ్మిది పెట్టెలూ తిరిగింది ఈనమ్మ. కొందరు చూద్దామన్నారు. కొందరు మాట కూడా చెప్పనివ్వలేదు. పొద్దు వాలేసరికి ఆమె వెంట వచ్చినవాళ్లు పీచయ్య తాతతో కలిపి ఐదుగురే. పోగయ్యకు నీరసం వచ్చింది.

"ఐదుగురితో ఏమవుతుందే?" అన్నాడు.

"గుడ్లు పోయిన రోజున నాకు ఒక్కరు కూడా లేరు" అంది ఈనమ్మ.

మర్నాటి నుంచి ఆమె రోజూ తిరిగింది. కాదన్న గుమ్మానికే మళ్లీ వెళ్లింది. మూడో రోజున గరికమ్మ మేడ వైపు నుంచి అరుపు వినిపించింది. ఈనమ్మ ఒక్క క్షణం ఆగలేదు. "లేవండి" అంది. తుమ్మచెట్టు మీద ఉన్నవాళ్లంతా లేచారు. కాకి అప్పుడే పెట్టెలో తల పెడుతోంది. ఏడు పిట్టలు దాని వీపు మీద, మెడ మీద, తోక మీద పడి పొడిచాయి. కాకి దిమ్మెరపోయి రెండు ఈకలు వదిలేసి పారిపోయింది.

గరికమ్మ పెట్టెలోకి తొంగి చూసుకుంది. గుడ్లు భద్రంగా ఉన్నాయి. ఈనమ్మ వైపు తిరిగి, "నేను ముఖం తిప్పుకున్నా వచ్చావా వదినా?" అంది.

"నీ అరుపు వినిపించింది. నా అరుపు ఎవరికీ వినిపించలేదు. ఆ తేడా నాకు తెలుసు" అంది ఈనమ్మ.

ఆ గుడ్లు పొదిగి పిల్లలు ఎగిరేదాకా ఏడుగురూ వంతులవారీగా గరికమ్మ పెట్టెకు కాపలా కాశారు. అది చూసి మిగిలిన పెట్టెల్లోంచి ఒక్కో జంటా బయటికి వచ్చింది. చివరికి గరికమ్మ కూడా పూలకుండీలు వదిలి పిల్లలతో సహా వచ్చేసింది. మగపిట్టలు అల్లాయి, ఆడపిట్టలు గుంజాయి. ఎన్నో గూళ్లు ఊడాయి, ఎన్నో గూళ్లు మళ్లీ మొదలయ్యాయి. వాసన గురించి మొదట్లో రోజూ సణిగారు. తర్వాత వారానికోసారి సణిగారు. వాన ముదిరేలోగా ఆ తుమ్మచెట్టు కొమ్మలన్నీ గూళ్లతో నిండిపోయాయి.

అప్పుడు ఈనమ్మ తన గూట్లోకి వెళ్లి మళ్లీ గుడ్లు పెట్టింది. ఈసారి రెండే. ఆమె వాటిని చూసుకున్నప్పుడల్లా ఆ పోయిన మూడూ గుర్తొచ్చేవి. అయినా పొదగడం మానలేదు.

కాకికి కబురు తెలిసింది. ఒక మధ్యాహ్నం వచ్చి ఈనమ్మ గూడున్న కొమ్మ మీద వాలింది. ముక్కు పెట్టి మొదటి పోగు పట్టుకుంది. అంతే, చెట్టంతా లేచింది. ఎనభై దాకా పిట్టలు, వాటికి తోడు రెక్కలొచ్చిన పిల్లలు, కాకి చుట్టూ కమ్ముకున్నాయి.

కాకి పోగు వదిలేసి వెనక్కి జరిగింది. "మీతో నాకేం పేచీ? నేను వచ్చింది ఒక్క ఈనమ్మ ఇంటికి. మీరెందుకు లేస్తున్నారు?" అంది.

పీచయ్య తాత ముందుకు వచ్చాడు.

"ఒక్కరి ఇల్లు కావాలంటే ఆ మేడల్లో వెతుక్కో. ఇక్కడ అలాంటిది లేదు" అన్నాడు.

నీతి: గోడలూ కప్పూ ఎవరైనా కట్టి ఇవ్వగలరు; పిలిస్తే పలికే ఇరుగుపొరుగును మాత్రం మనమే పట్టుబట్టి కూర్చుకోవాలి, అప్పుడే అది ఇల్లవుతుంది.