మాబున్నీ ఇంటి గోడ

శశిభూషణ్‌కి ఏడుపొక్కటే తక్కువ. "గురువుగారూ, మాబున్నీ దావా వెనక్కి తీసుకుంటానంటోంది. గెలిచే దావా!"

కోదండపాణిగారు మా ఊరి కోర్టులో సివిల్ ప్లీడరు. శశిభూషణ్ ఆయన దగ్గర మూడేళ్ళుగా జూనియరు. భలే చురుకైనవాడు లెండి, ఈ దావా మొత్తం తనే రాశాడు.

మాబున్నీ పరుపులు కుట్టుకునే మనిషి. కొందరు ఆమె ఇంటిమీద పడి, కిటికీలు పగలగొట్టి, వీధిగోడ మీద మాబున్నీ వాళ్ళ మతాన్ని తిడుతూ, ఊరొదిలి పొమ్మని ఎర్రరంగుతో రాసిపోయారు. పోలీసు కేసు దాని దారిన అది నడుస్తోంది. ఈ దావా వేరు. చేసినవాళ్ళే నష్టపరిహారం ఇవ్వాలి, మళ్ళీ ఆ ఇంటి ఛాయలకి రాకుండా కోర్టు ఆర్డరు వెయ్యాలి.

"ఎవరో బెదిరించి ఉంటారండీ."

"పద, ఆమెనే అడుగుదాం," అన్నారు పెద్దాయన.

వెళ్ళి చూస్తే కిటికీలకి కొత్త అద్దాలున్నాయి. గోడ మీద రాత మాత్రం అలాగే ఉంది.

"ఎవరైనా బెదిరించారా అమ్మా?"

"లేదయ్యా. ఇంక ఓపిక లేదు, అంతే."

"మరి ఇదింకా తుడవలేదేం?"

"ఈ బాబే ముట్టుకోవద్దన్నాడు. సాక్ష్యమంట." మాబున్నీ కొంగు సర్దుకుంది. "రెండు నెల్ల కిందట మా అత్త పోయింది. జనాజా దీని ముందునుంచే వెళ్ళింది. ఆ కాసేపూ అడ్డంగా దుప్పటి కడదామన్నా మా ఆయన ఒప్పుకోలా, కేసు పాడవుద్దని."

కోదండపాణిగారు శిష్యుడి వైపు తిరిగారు. "కోర్టు కమిషనరు వచ్చి, ఫోటోలు తీసి, రిపోర్టు ఇచ్చాడు కదటోయ్. ఎప్పుడు?"

"పోయినేడాది ఆగస్టులోనండి."

"ఆ తర్వాత?"

ఇక చెరిపేసుకోవచ్చని వీళ్ళకి చెప్పాలన్న సంగతే శశిభూషణ్‌కి తట్టలేదు.

పెద్దాయన తిట్టలేదండీ. సందు చివరి కొట్టుకి తనే వెళ్ళి సున్నం, బ్రష్షు తెచ్చారు. పంచె ఎగగట్టి, మాబున్నీ ఇచ్చిన బకెట్లో కలిపారు. శశిభూషణ్ చెయ్యి చాపాడు. బ్రష్షు ఇచ్చారు.

ఒక పూత వేశాడు. కింద ఎరుపు ఇంకా కనబడుతూనే ఉంది. మాబున్నీ గడపలో నిలబడి చూస్తోంది.

"అమ్మా, మన దావా..." అనబోయాడు.

"ముందు ఇంకో పూత వెయ్యవోయ్," అన్నారు కోదండపాణిగారు.