నల్లచిరుత దాచుకోలేని మచ్చలు

ఒకప్పుడు, అడవిలో ఎవరి ఒంటికీ రంగులు పంచకముందు, పులీ చిరుతా సింహమూ అన్నీ ఒకటే రంగులో ఉండేవి. ఏటిగట్టు ఇసుక ఎలా ఉంటుందో అలా. సింహానికి జూలు ఉండేది కాబట్టి దాన్నయితే పోల్చుకోవచ్చు. మిగతావాళ్ళలో ఎవరు ఎవరో తెలియాలంటే దగ్గరికెళ్ళి వాసన చూడాల్సిందే.

ఇవాళ మీరు బనీన్ల మీద పులిబొమ్మ వేయించుకుని, మేం పులులం అని అరుస్తూ ఫుట్‌బాల్ ఆడతారే! ఆ రోజుల్లో అసలు పులులే బంతాట ఆడేవి. పాపం, వాటికే బనీన్లు లేవు.

బంతిని గిజిగాడు తయారుచేసేవాడు. గడ్డిని గుండ్రంగా అల్లి, లోపల బూరుగు దూది కూరేవాడు. గోరు తగిలితే పిగిలిపోతుంది. అందుకని ఆడేవాళ్ళు గోళ్ళు లోపలికి ముడుచుకుని, మెత్తటి పాదాలతోనే తన్నాలి. గోరు బయటపెట్టినవాళ్ళని ఎలుగుతాత చెవి పట్టుకుని బయటికి నడిపించేవాడు. ఆట పెద్ద ఆయనే.

ఎండలు ముదరకముందు ఏటా ఒక పెద్ద పోటీ జరిగేది. గెలిచిన జట్టుకి ఎండాకాలమంతా ఏటి మడుగు, దాని చుట్టూ నేరేడు చెట్ల నీడ. ఓడిన జట్టు నీళ్ళు దొరకని రాతిగుట్టల మీదికి పోవాలి. పేరుకే ఆట. ఆడేవాళ్ళకి అది దాహం సంగతి.

సింహానిది ఒక జట్టు, పులిది ఒక జట్టు. సింహం జట్టులో రేగి అని ఒక చిరుత ఉండేది. దాని చెల్లెలు గవ్వ. ఆ అడవిలో చిరుతలు ఆ ఇద్దరే. తల్లి పోయినప్పటి నుంచీ చెల్లెల్ని రేగే పెంచింది. ఇద్దరూ ఒకే కొమ్మ మీద, ఒకరి మీద ఒకరు తోకలేసుకుని పడుకునేవాళ్ళు.

ఆ ఏడు ఆట మొదలయిందో లేదో గొడవయింది. సింహం బంతిని తనవాడే అనుకుని పులి తమ్ముడికి అందించింది. పులి తమ్ముడు అటూ ఇటూ చూసి, తనవాళ్ళ గోలులోకే తన్నాడు. అందరూ అందర్నీ తిట్టుకున్నారు.

ఎలుగుతాత తల పట్టుకున్నాడు. "ఎవరు ఎవరి వాళ్ళో నాకే తెలిసి చావట్లేదు. పోయి ముళ్ళపంది అవ్వ దగ్గర రంగులేయించుకు రండి. అప్పుడాడదాం."

ముళ్ళపంది అవ్వ అద్దకం పనిలో ఆరితేరింది. రాలిన తన ముళ్ళే ఆమెకి కలాలు. ముందు కరక్కాయ కషాయం ఒళ్ళంతా పూసేది. తర్వాత ఇనుపరాళ్ళూ తాటిబెల్లమూ కుండలో పులియబెట్టిన నీళ్ళలో ముల్లు ముంచి గీసేది. ఆ నీళ్ళు కరక్కాయ పట్టిన చోట తగలగానే నల్లగా మారిపోయేవి. ఆ తర్వాత పారే నీళ్ళలో జాడించుకుని, ఇసుక మీద ఆరాలి.

"బాగా ఆలోచించుకుని రండి," అంది అవ్వ. "కరక్కాయ మీద ఎక్కిన నలుపు చచ్చినా దిగదు. తర్వాత ఏడ్చి లాభం లేదు."

పులి జట్టుకి చారలు గీసింది. సింహం జట్టుకి మచ్చలు పెట్టింది. సింహం మాత్రం తను పెట్టించుకోలేదు. "నన్ను గుర్తుపట్టడానికి రంగు కావాలా?" అని జూలు విదిల్చింది. కెప్టెన్లు అంతే మరి.

గవ్వకి చక్కిలిగింతలెక్కువ. ముల్లు తగలగానే మెలికలు తిరిగిపోయింది. రేగి దాని ముందుకాళ్ళు రెండూ గట్టిగా పట్టుకుంది. అయినా కుడి భుజం మీద ఒక మచ్చ వంకరపోయింది. ఒక పక్క కొరికేసిన రేగుపండులా తయారయింది.

"అయ్యో, చెడిపోయిందే," అంది రేగి.

"చెడిపోలేదక్కా. రేగుపండంటే నువ్వే కదా! నువ్వు నా భుజం మీద కూర్చున్నావు," అంది గవ్వ. ఆ మాటకి ముళ్ళపంది అవ్వ కూడా నవ్వింది.

ఇద్దరూ ఇసుక మీద పక్కపక్కనే ఆరారు. రేగికి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు పులి వచ్చి అడ్డం తిరిగింది. "అడవిలో పరుగంటే చిరుతలది. రెండు చిరుతలూ వాళ్ళ జట్టులోనే ఉంటే ఇక మేమాడేదేంటి? నేరుగా గుట్టలెక్కమంటే పోలా?"

ఎలుగుతాత చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "నిజమే. ఒక చిరుత అటు పోవాలి," అన్నాడు.

"చిన్నది పోనీ," అంది సింహం, చూపైనా తిప్పకుండా.

గవ్వ అక్క వైపు చూసింది. రేగి నోరు విప్పలేదు. "నేను పోతాను" అనొచ్చు. "పోతే ఇద్దరం పోతాం" అనొచ్చు. కానీ తనని పొమ్మననందుకు లోపల ఒక చిన్న ఊరట కలిగింది. ఆ ఊరట దాని నోరు నొక్కేసింది.

గవ్వ ఒక్కతే మళ్ళీ అవ్వ దగ్గరికెళ్ళింది.

"మచ్చల మీద చారలు గీస్తే నువ్వెవరి మనిషివో దేవుడికి కూడా తెలీదమ్మా," అంది అవ్వ. "ఇక ఒకటే దారి. ఒళ్ళంతా నలుపే." మళ్ళీ కరక్కాయ పూసి, మళ్ళీ నల్లనీళ్ళు పట్టించింది. ముక్కు నుంచి తోక దాకా గవ్వ కారునలుపు అయిపోయింది.

గవ్వ నీళ్ళలో తన నీడ చూసుకుని ఏడ్చింది. అవ్వ కుండ మూత పెడుతూ, "ఏడవకు తల్లీ. నా పని నేను చేశాను. ఎండ పని ఎండ చేస్తుంది," అంది. అప్పుడు ఆకాశం నిండా అకాలపు మబ్బులు. ఎండెక్కడుంది?

పులులు గవ్వని జట్టులో చేర్చుకున్నాయి కానీ పక్కన కూర్చోనివ్వలేదు. "మాకు చారలున్నాయి. నీకేవీ?" అన్నాయి. చీకటి పడుతుంటే గవ్వ మెల్లగా పాత కొమ్మ ఎక్కి, రేగి వీపు మీద తోకేసింది.

రేగి పక్కకి జరిగింది. "ఆట అయ్యేదాకా ఇక్కడికి రాకే. మా జట్టువాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

గవ్వ తోక తీసుకుని, కొమ్మ దిగి వెళ్ళిపోయింది. రేగి కళ్ళు మూసుకుంది కానీ నిద్ర రాలేదు. తప్పు చేసినవాడికి పరుపున్నా ముళ్ళే.

పోటీ రోజు వచ్చింది. మబ్బులింకా విడవలేదు. చారలొక వైపు, మచ్చలొక వైపు. ఇప్పుడు ఎవరెవరో అందరికీ తెలుస్తోంది. ఆట ఎంత చక్కగా సాగిందంటే, చెట్ల మీద కోతులు పళ్ళు తినడం మర్చిపోయాయి. అటొక గోలు పడితే ఇటొక గోలు పడింది. చివరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానం.

రేగి తన జట్టు గోలు కాస్తోంది. రెండు బండరాళ్ళ మధ్య నిలబడి, ఎవరొచ్చినా ఆపాలి. అంతలో మధ్యలో బంతి చిక్కించుకుని ఒక నల్లటిది దూసుకొచ్చింది. సింహం వెనకపడింది. దాని జట్టులోని బావురుపిల్లి జారిపడింది. మిగిలింది రేగి ఒక్కతే.

"ఆపు! ఆ నల్లదాన్ని ఆపు!" అని సింహం అరిచింది.

"కొట్టు! వాళ్ళదాన్ని పడేసి గోలు కొట్టు!" అని పులి అరిచింది.

రేగి ఎగరడానికి ఒళ్ళు కూడదీసుకుంది. నల్లదాని మీద పడితే చాలు, మడుగు తమదే. అప్పుడు మబ్బు విడిపోయింది. ఎండ ఫెళ్ళున కాసింది.

ఎండ పడగానే ఆ నలుపులోంచి మచ్చలు బయటపడ్డాయి. ఒకటీ రెండూ కాదు, ఒళ్ళంతా. నలుపు మీద పడిన నలుపు ఇంకాస్త నల్లబడి, ఏ మచ్చకా మచ్చ విడివిడిగా కనిపించింది. కుడి భుజం మీద ఒక వంకర మచ్చ. కొరికిన రేగుపండు.

రేగి ఎగరబోయి ఆగిపోయింది. ఆ మచ్చ పెడుతున్నప్పుడు తను పట్టుకున్న కాళ్ళు ఇవే. ఇప్పుడు విరగ్గొట్టబోయింది కూడా వీటినే.

"గవ్వా!" అంది.

అక్క నోట తన పేరు విని గవ్వ కాళ్ళు ఆగిపోయాయి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడిపోయారు. బంతి మాత్రం ఆగలేదు. బండరాయికి తగిలి, పక్కకి మళ్ళి, ఇసుకలో దొర్లుకుంటూ వెళ్ళి ఏట్లో పడింది. దూది తడిసి, గడ్డి విడిపోయి, కొట్టుకుపోయింది.

రెండు జట్లూ మీదికొచ్చాయి. "చెల్లెలి కోసం గోలు వదిలేస్తావా?" అని సింహం గర్జించింది. "అక్క కోసం బంతి వదిలేస్తావా?" అని పులి గాండ్రించింది.

ఎలుగుతాత వాటిని వెనక్కి నెట్టి, మెల్లగా అడిగాడు. "ఇంతకీ మీరిద్దరూ ఏ జట్టమ్మా?"

ఈసారి రేగి నోరు విప్పింది. "మేం అక్కాచెల్లెళ్ళం తాతా."

"అలాంటి జట్టు లేదు," అంది సింహం. "జట్టు లేనివాళ్ళకి నీడా లేదు. గుట్టలెక్కండి."

"ఎక్కుతాం," అంది రేగి.

మడుగు దాటి, నేరేడు చెట్లు దాటి, ఇద్దరూ కాలే రాళ్ళ మీద నడుచుకుంటూ పోయారు. చాలా దూరం పోయాక గవ్వ, "నా వల్ల నీకు నీడ పోయిందక్కా," అంది.

"ఆ రోజు కొమ్మ మీద నేను జరిగానే, అప్పుడే పోయింది నా నీడ," అంది రేగి. "తప్పు నాదే చెల్లీ. ఇంకెప్పుడూ జరగను." పైన ఒక చెట్టు దొరికింది. మోడులాంటి చెట్టు, ఆకులు అంతంత మాత్రం. దాని కొమ్మ మీద ఇద్దరూ ఎక్కి పడుకున్నారు. ముందు తోక వేసింది రేగే.

ఆ తర్వాత సింహమూ పులీ మడుగు కోసం కొట్లాడుకున్నాయట. సింహం అలిగి ఆ అడవే వదిలి పోయిందట. ఆ గొడవ మనకెందుకు?

అప్పటినుంచే చిరుతలు రాతిగుట్టల్లో కాపురముంటున్నాయి, కొమ్మల మీద నిద్రపోతున్నాయి. అప్పటినుంచే మచ్చల చిరుతకి ఒక్కోసారి ఒకే కాన్పులో ఒక మచ్చల పిల్లా ఒక నల్ల పిల్లా పుడతాయి. రెండూ ఒకే పాలు తాగి పెరుగుతాయి. నీడలో చూస్తే నల్లచిరుత ఒట్టి నలుపే. ఎవరిదో, ఏ జట్టో ఎవరూ చెప్పలేరు. దాన్ని ఒక్కసారి ఎండలోకి రానిచ్చి చూడండి. దాని అక్క ఒంటి మీదున్న మచ్చలే దాని ఒంటి మీదా కనిపిస్తాయి, ఇవాళ్టికీ.